నాన్నగారి దగ్గర కొనుగోలు నేర్చుకోండి

ప్రశ్న: మాది విజయవాడ వన్‌టౌన్‌లో మూడు తరాల చీరల దుకాణం. తాతగారు 1952లో మంగళగిరి నూలు చీరలు తెచ్చి అమ్మడంతో మొదలుపెట్టారు. ఆయన తరువాత నాన్నగారు, బాబాయిగారు కలిసి నడిపారు. నాన్నగారికి ఇప్పుడు 72 ఏళ్లు. పెళ్లయి గుంటూరు వెళ్లిన నేను కొన్నేళ్లుగా రోజూ వచ్చి దుకాణం లెక్కలు చూస్తున్నాను. ఈ ఇరుకు సందులో వ్యాపారం సాగదని, స్థలం అమ్మేసి బందరు రోడ్డులో పెద్ద షోరూమ్ అద్దెకు తీసుకుందామని అన్నయ్య అంటున్నాడు. నాన్నగారు కొనేవారు కూర్చునే ఒక్క పరుపు కూడా కదపనివ్వరు. బాబాయిగారేమో మా దుకాణం పేరుతోనే గుంటూరులో మరో కొట్టు పెట్టుకుంటానంటున్నారు. అటక మీద రెండు ట్రంకు పెట్టెల నిండా పాత చీరలు, తాతగారి నాటి ఖాతా పుస్తకాలు ఉన్నాయి. వీటిలో కాపాడుకోవలసిన వారసత్వం ఏది, వదులుకోదగినది ఏది? పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు ఈ విషయాలెందుకని ఇంట్లో అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో స్థలం గురించి, పరుపుల గురించి, పేరు గురించి, అటక మీది పెట్టెల గురించి వ్రాశారు. నాన్నగారు చీరలు ఎవరి దగ్గర కొంటారు, ఏమి చూసి కొంటారు, ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారు అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. మీరడిగిన ప్రశ్నలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. చీరలు అమ్మడం ఎవరైనా నేర్చుకోగలరు. మంచి వెలుతురు, మర్యాద తెలిసిన నలుగురు కుర్రవాళ్లు, ఆషాఢంలో ఒక తగ్గింపు ప్రకటన ఉంటే బందరు రోడ్డులో ఏ దుకాణమైనా అమ్ముకుంటుంది. డెబ్భై ఏళ్లు దాటి నిలిచిన దుకాణానికి ప్రత్యేకత అంటూ ఏదైనా ఉంటే అది కొనుగోలులోనే ఉంటుంది. అది నాన్నగారి చేతుల్లోనూ కళ్లలోనూ ఉన్న విద్య గనుక, ఆయనకు మగ్గాల వాడకు వెళ్లివచ్చే ఓపిక ఉన్నప్పుడే దాన్ని అందుకోవాలి. స్థలం అమ్మకం ఒక ఏడాది వాయిదా పడినా కొంప మునగదు; ఇది వాయిదా వేయదగిన పని కాదు.

కాబట్టి ఈసారి నాన్నగారు మంగళగిరి వెళ్లేటప్పుడు మీరు కూడా వెంట వెళ్లండి. లెక్కల పుస్తకం పక్కన పెట్టి, కేవలం చూడడానికే వెళ్లండి. మంగళగిరి నూలు చీర పైకి సాదాగా ఉంటుంది. గుంట మగ్గం మీద నేసే ఆ చీరకు అంచున నిజాం బోర్డరని పిలిచే జరీ పని ఉంటుందే గాని, దుకాణాల్లో బాడీ అని పిలిచే మధ్య భాగంలో బుటా, అంటే పువ్వుల నమూనా, నేయడం ఆ ఊరి సంప్రదాయం కాదు. బుటా లేదు గనుకనే నేతలోని తప్పుకు దాక్కోవడానికి చోటు దొరకదు. పేక, అంటే అడ్డపోగు, ఒకచోట బిగిసి మరొకచోట వదులైతే, వెలుతురుకు ఎదురుగా పట్టుకోగానే చారలు చారలుగా బయటపడుతుంది. నాన్నగారి వంటి పాత వ్యాపారులు చీర విప్పగానే రంగు వంక చూడరు. అంచూ బాడీ కలిసే చోట బొటనవేలు ఆనించి మూరెడు దూరం నడిపిస్తారు. అక్కడ పీక్కుపోయినట్లు చేతికి తగిలితే ఉతికిన తరువాత ఆ అంచు ముడతలు పడుతుందని వారికి తెలుసు. తరువాత చీర చివరి అంచు వెంట వరుసగా సూదితో పొడిచినట్లుండే సన్నటి గుర్తుల కోసం చూస్తారు. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండు వైపులా లాగి పట్టే కర్రకు ఉన్న ముళ్ల గుర్తులవి, చేతి నేతకు ఒక ఆనవాలు. ఆ పిమ్మట తెల్ల గుడ్డ ముక్కను తడిపి ముదురు రంగు అంచు మీద గట్టిగా రుద్దుతారు. ఇదంతా కలిపి నిమిషం పట్టదు గనుక, పక్కన కూర్చున్న వారికి ఏదో అలవాటు కొద్దీ చీర తడుముతున్నట్లు అనిపిస్తుంది. మీ అన్నయ్యకు ఇన్నాళ్లూ అలాగే అనిపించి ఉంటుంది.

రకం మారితే చూపు కూడా మారుతుంది. గద్వాల చీరలో బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదనే కలిపిన చోట పనితనం తెలుస్తుంది గనుక, దాన్ని వెనుక వైపు నుంచి చూడాలి. ఉప్పాడ జాంధానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని తిరిగే ఇతర చీరలకు నేటికీ కొదవ లేదు. అసలు జాంధానీలో బుటా దారాన్ని చేత్తో పడుగు పోగుల, అంటే నిలువు పోగుల, మధ్యకు ఎక్కిస్తూ నేస్తారు గనుక ముందూ వెనుకా బుటా దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. తిరగవేసినప్పుడు కత్తిరించిన పోగుల మొనలు కనిపిస్తే అది వేరే పద్ధతి నేత అని తెలుసుకోవాలి. పెళ్లి పట్టు చీరల దగ్గరకు వచ్చేసరికి జరీదే పెద్ద పేచీ. మేలిమి జరీలో లోపల పట్టు పోగు, దాని చుట్టూ వెండి తీగ, వెండికి బంగారు పూత ఉంటాయి. అంచు చివర ఒక్క పోగు లాగి గోటితో గీకితే లోపలి పట్టు పోగు, చాలా వరకు ఎర్రగా, కనబడుతుంది. రాగి తీగ మీద పూత వేసినదైతే రాగి రంగు బయటపడుతుంది, ప్లాస్టిక్ జరీ అయితే పొరలా ఊడి వస్తుంది. ఈ మూడు రకాల జరీకీ మార్కెట్లో చోటు ఉంది, ఒకదాని పేరు చెప్పి మరొకటి అమ్మడమే తప్పు. పట్టు స్వచ్ఛతకు కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో వచ్చిన సిల్క్ మార్క్, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయి. వాటిని తప్పక వాడండి, అయితే సిల్క్ మార్క్ పట్టు అసలైనదని మాత్రమే చెబుతుంది. అది చేతి మగ్గం మీద నేసినదని గాని, జరీ మేలిమిదని గాని చెప్పదు. ఈ భేదం కొనేవారికి ఓపికగా విడమరిచి చెప్పే దుకాణం విజయవాడలో ఒకటుంటే దాన్ని వెతుక్కుంటూ వచ్చే వారు ఇప్పటికీ ఉన్నారు.

నేర్చుకునే పద్ధతి గురించి ఒక మాట. ఎలా కొనాలో చెప్పమని నాన్నగారిని అడిగితే ఆయన చెప్పలేరు. చేతితో చేసే పనిని మాటల్లో పెట్టే అలవాటు ఆ తరానికి తక్కువ. అందుకని ఆయన తీసుకున్న చీరల గురించి కాక, పక్కన పెట్టేసిన చీరల గురించి అడగండి. ‘ఇది ఎందుకు వద్దన్నారు?’ అన్న ప్రశ్నకు ఆయన దగ్గర సమాధానం తప్పక ఉంటుంది, అది సూటిగా ఉంటుంది. ఆ సమాధానాన్ని, చీర మీద ఆయన వేలు చూపిస్తుండగా, ఫోనులో రికార్డు చేయండి. వీలైతే రకానికొక తప్పుడు చీరను డబ్బిచ్చి కొని దుకాణంలో ఉంచుకోండి. రేపు కొత్తగా చేరే కుర్రవాడికి పది మంచి చీరలు చూపడం కన్నా ఒక్క తప్పుడు చీర చూపడం వల్ల ఎక్కువ బోధపడుతుంది.

ఈ వరుసలోనే మరొకటి మరచిపోకుండా అడిగి తెలుసుకోండి. పాత బట్టల కొట్లలో చీర చీటీ మీద కొన్న ధరను అంకెల్లో వ్రాసేవారు కాదు. ఏ అక్షరమూ రెండుసార్లు రాని పది అక్షరాల మాట ఒకటి ఎంచుకుని, ఒక్కో అంకెకు ఒక్కో అక్షరం చొప్పున వేసుకునేవారు. కొనేవారి ముందు చీటీ చూసి ఎంతవరకు తగ్గవచ్చో గుమస్తా గ్రహించడానికి చేసుకున్న ఏర్పాటు అది. మీ దుకాణంలో కూడా అటువంటి మాట ఉండి ఉంటే అది నాన్నగారికి, బాబాయిగారికి, మహా అయితే ఒక పాత గుమస్తాకు తెలిసి ఉంటుంది. ఆ మాట తెలియకుండా అటక మీది చీరల ధరలను గాని, పాత సరుకు పద్దులను గాని ఎవరూ చదవలేరు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గరే అడగండి.

ఇక నేతవారికి డబ్బు ఇచ్చే తీరు. అన్నయ్య చెప్పే షోరూమ్ గురించి ఆలోచించేటప్పుడు అందరూ అద్దె, అలంకరణ, సిబ్బంది జీతాలు లెక్క వేస్తారు. అసలు మార్పు అక్కడ రాదు. అంత పెద్ద అరలు నింపాలంటే మంగళగిరిలో, చీరాలలో, వెంకటగిరిలో మీకు తెలిసిన మగ్గాల నుంచి వచ్చే సరుకు చాలదు. అప్పుడు ఏజెంట్ల ద్వారా నెలల తరబడి అరువు మీద దొరికే మరమగ్గాల సరుకు తెచ్చుకోవలసి వస్తుంది, ఆ తరువాత అరువు గడువే మీ సరుకును నిర్ణయిస్తుంది. అంచుల్లోనూ కొంగుల్లోనూ అదనపు దారంతో బుటా నేసిన చీరలు వంటి కొన్ని రకాలను చేతి మగ్గానికే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. 11 రకాలు ఇప్పటికీ ఆ జాబితాలో ఉన్నాయి. చట్టం ఉన్నా నకళ్లు వస్తూనే ఉన్నాయి, వాటిని చేనేత పేరుతో అమ్మిన దుకాణం మీద కూడా మచ్చ పడుతుంది. చిన్న నేత సంస్థలు ఉద్యమ్ అనే చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు చేయించుకుని ఉంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం వారికి 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. 2023లో వచ్చిన సవరణ వల్ల, గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించేవరకు ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కల్లో చూపుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది. లెక్కలు మీరే చూస్తున్నారు గనుక, నాన్నగారు ఎవరెవరికి ఎన్ని రోజుల్లో ఇస్తున్నారో గత రెండు మూడేళ్ల పద్దులు తీసి ఒక పట్టిక వేయండి. మంచి చీర ముందుగా మీ కొట్టుకు ఎందుకు వస్తున్నదో ఆ పట్టిక చూస్తే మీ అన్నయ్యకు కూడా అర్థమవుతుంది.

అన్నయ్య చెప్పేదంతా తప్పని మాత్రం నేను అనను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు పరుపు మీద కూర్చోలేరు; పెళ్లి బట్టలకు అటువంటి పెద్దవారే ముందు వస్తారు. దుకాణంలో ఒక వైపు పరుపులు ఉంచి రెండో వైపు ఎత్తు బల్లలు వేయడానికి నాన్నగారు ఒప్పుకుని తీరాలి. రంగు నిజంగా తెలిసే వెలుతురు, ప్రతి చీర మీదా అంకెల్లో ఒకే ధర, ఆ ధరకే అమ్మే పట్టుదల కూడా ఆయన ఒప్పుకోవలసినవే. బేరమాడడం మన సంప్రదాయమని కొందరు అంటారు గాని, బేరం రాని కోడలికి ఎక్కువ ధర, వచ్చిన అత్తగారికి తక్కువ ధర వేసే పద్ధతిని వారసత్వమని కాపాడుకోవలసిన అవసరం నాకు కనబడదు. గుమ్మం దగ్గర ఒక పనికిరాని మగ్గం నిలబెట్టి, దానికి పూలదండ వేసి, పక్కన కుటుంబ చరిత్ర ఫ్రేము కట్టించే వేడుక కూడా ఈ మధ్య కనబడుతున్నది. ఆ ఖర్చు మీకు వద్దు.

స్థలం అమ్మి అద్దెకు వెళ్లే ఆలోచన మాత్రం నాకు సమ్మతం కాదు. మన చీరల వ్యాపారం ఏడాది పొడవునా ఒకే తీరున నడవదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దసరా, సంక్రాంతి, మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు ఆదాయం తెస్తే, ఆషాఢంలోను మూఢాల్లోను పెళ్లి బట్టలకు వచ్చేవారు తగ్గిపోతారు. ఇంద్రకీలాద్రి అమ్మవారికి ఆషాఢ సారె సమర్పించే ఆచారం వల్ల విజయవాడలో ఆ నెలలోనూ కొంత అమ్మకం ఉంటుంది గాని, పెళ్లిళ్ల లోటును అది పూడ్చలేదు. మూఢం వచ్చిందని అద్దె ఆగదు. సొంత గోడలు ఉన్నందువల్లనే మీ తాతగారూ నాన్నగారూ ఆ నెలల్లో కూడా నేతవారికి ఆర్డర్లు ఆపకుండా ఇవ్వగలిగారని నేను అనుకుంటున్నాను. అందరూ కొనడం మానేసిన నెలలో కొన్న వ్యాపారిని నేతవారు మరచిపోరు. అన్నయ్యకు నిజంగా నమ్మకం ఉంటే, గవర్నరుపేటలోనో బెంజి సర్కిల్ దగ్గరలోనో చిన్న కొట్టు అద్దెకు తీసుకుని, శ్రావణం నుంచి మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు ముగిసే వరకు ఒక ఋతుచక్రం నడిపి చూడమనండి. నష్టం వచ్చినా అది భరించదగినంతలో ఉంటుంది, పాత కొట్టు చెక్కుచెదరదు.

బాబాయిగారి విషయంలో మీ ఇంట్లో వారందరూ కొంత తొందరపడుతున్నట్లు తోస్తున్నది. ఆయన కోరిక పూర్తిగా అన్యాయమైనది కాదు. అన్నదమ్ములిద్దరూ భాగస్వాములుగా నడిపిన దుకాణమైతే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఆ దుకాణం మంచి పేరు, అంటే గుడ్‌విల్, కూడా సంస్థ ఆస్తిలో భాగమే. విడిపోయి లెక్కలు తేల్చుకునేటప్పుడు దానికి కూడా విలువ కట్టాలి. వేరే ఒప్పందం లేకపోతే, భాగస్వామ్యం రద్దయ్యాక వ్యవహారాలన్నీ తేలేవరకు ఎవరూ ఆ పేరుతో అదే వ్యాపారం చేయకుండా మిగిలినవారు అడ్డుకోవచ్చు. ఈ నియమం బాబాయిగారిని ఎంత కట్టివేస్తుందో మీ నాన్నగారిని, అన్నయ్యను కూడా అంతే కట్టివేస్తుంది. అందుకని ముందు భాగస్వామ్య పత్రం వెతకండి. అది రిజిస్టరు అయిందో లేదో చూడండి. రిజిస్టరు కాని సంస్థ తనకు రావలసిన బాకీల కోసం బయటివారి మీద దావా వేయలేదు, భాగస్వాములు ఒకరి మీద ఒకరు వేసుకోవడానికి కూడా పరిమితులు ఉన్నాయి. భాగస్వామి మరణిస్తే సంస్థ కొనసాగుతుందో లేదో పత్రంలో వ్రాసి ఉండాలి, లేకపోతే మరణంతోనే రద్దయిపోతుంది. 72 ఏళ్ల పెద్దాయన ఉన్న ఇంట్లో ఈ ఒక్క వాక్యం కోసమైనా పత్రాన్ని తిరిగి వ్రాయించుకోవాలి.

పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించండి. నమోదు పదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత పదేళ్లకొకసారి కొనసాగించుకోవచ్చు. బట్టకు, దుస్తులకు, అమ్మకపు సేవకు తరగతులు వేరువేరు కాబట్టి ఏవేవి కావాలో న్యాయవాదిని అడగాలి. దరఖాస్తు ఎవరో ఒక్కరి పేర వేస్తే ఆ రోజుతో అన్నదమ్ముల మాటలు ఆగిపోతాయి. ఇద్దరి పేర వేసి, గుంటూరు కొట్టు ఆ పేరు వాడుకోవడానికి వ్రాతపూర్వకంగా షరతులు పెట్టుకోవడం మేలు. పేరు పక్కన ఊరి పేరు తప్పక ఉండాలని, ఇద్దరిలో ఎవరూ ఆ పేరును బయటివారికి అమ్మరాదని, చేనేత అని చెప్పి అమ్మే ప్రతి చీరా ఇద్దరూ ఒప్పుకున్న మగ్గాల నుంచే రావాలని వ్రాసుకోండి. వాటిలో మూడవ షరతు ముఖ్యం. గుంటూరు కొట్టులో మరమగ్గం చీరను మంగళగిరి అని అమ్మితే దాని ఫలితం వన్‌టౌన్‌లో మీరే అనుభవిస్తారు.

ఇక అటక మీది పెట్టెలు. ముందు వాటిని అటక దించి, నేల మీద పెట్టకుండా, గాలి వచ్చే చోట కాస్త ఎత్తు బల్ల మీద ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరంలో ఎన్నో ఇళ్లలో కింది అంతస్తులు మునిగిన తరువాత నేల మీద కాగితం ఉంచవద్దని ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. చీరలను ప్లాస్టిక్ సంచుల నుంచి తీసి, ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. వాడితే గుడ్డలో మూట కట్టి పెట్టె మూలన ఉంచండి. పట్టు చీరలు ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత వెంబడే చిట్లిపోతాయి గనుక, మూడు నాలుగు నెలలకొకసారి నీడలో ఆరవేసి మడత మార్చండి. బరువైన జరీ చీరను హ్యాంగరుకు వేలాడదీయరాదు. ఇదంతా మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.

అన్ని చీరలూ దాచనవసరం లేదు. ఇప్పుడు నేయడం మానేసిన అంచు, ఇప్పుడు దొరకని రంగు కలయిక, వెనుకటి తొమ్మిది గజాల చీర వంటివి ఏరి పక్కన పెట్టి, ప్రతి దానికీ ఏ ఊరి నేత, ఏ ఏడాది, ఎంతకు కొన్నది, ఎందుకు అమ్ముడుపోలేదు అన్నవి ఒక గుడ్డ చీటీ మీద వ్రాసి కుట్టండి. ఆపైన వాటిని చూసి ముచ్చటపడి ఊరుకోకండి. మంగళగిరిలో నాన్నగారికి నమ్మకమైన నేతవారికి ఒక పాత అంచును చూపించి, పది చీరలు నేయించండి. నమూనా గీయడానికి, రంగుల విషయంలో సలహాకు విజయవాడలోనే కేంద్ర ప్రభుత్వపు వీవర్స్ సర్వీస్ సెంటర్ ఉంది. మీ తాతగారు 1950లలో అమ్మిన అంచును ఇవాళ మళ్లీ మగ్గం మీదకు ఎక్కించడం ఏ షోరూమ్‌కూ చేతకాని పని. ఎందుకంటే ఆ చీర వారి దగ్గర లేదు.

ఖాతా పుస్తకాలను నేను చీరలకన్నా విలువైనవిగా భావిస్తాను. మీ తాతగారి చిట్టాలో సంవత్సరం అంకెల్లో ఉండకపోవచ్చు. ‘నందన నామ సంవత్సరం’ అని ఉంటే అది 1952-53 అని, ‘హేవిళంబి’ అని ఉంటే 1957-58 అని గుర్తుపట్టండి. అరవై ఏళ్లకు అవే పేర్లు తిరిగి వస్తాయి గనుక 2012-13 పుస్తకం మీద కూడా నందన అనే ఉండవచ్చు, పొరబడకండి. అణాల లెక్క ఉన్న పద్దు 1957కు ముందుదో, ఆ చుట్టుపక్కలదో అవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చాయి. అప్పుడు అరువు తీర్చే కాలం కూడా కౌలు, కోత లెక్కలను బట్టి ఉండేది: కృష్ణా డెల్టాలో వరి నూర్పిళ్లయి ధాన్యం అమ్మగానే సంక్రాంతికి పాత బాకీ జమ, కొత్త చీరలు ఖర్చు. ఏ ఊరి వారు ఏ సంవత్సరంలో బాకీ తీర్చలేకపోయారో వరుసగా చూస్తే ఏ ఏడు పంట పోయిందో మీకే తెలుస్తుంది. కూతురి పెళ్లికి కొన్న మధుపర్కాలు, ముహూర్తపు పట్టు, బంధువులకు పెట్టుబడి చీరలు ఎన్నెన్ని అన్న పద్దుల నుంచి మన వైపు పెళ్లిళ్ల ఖర్చు ఎలా పెరిగిందో వ్రాయవచ్చు. ఇటువంటి పుస్తకాలకు టేపు అంటించరాదు, ల్యామినేషన్ చేయించరాదు. కిటికీ వెలుతురులో పుట పుటా ఫోనుతో ఫోటో తీసి, రెండు చోట్ల దాచి, అసలు పుస్తకాలను నూలు గుడ్డలో కట్టి ఉంచండి. వాటిని ఎవరికైనా చూపించేటప్పుడు బాకీదారుల ఇంటిపేర్లు కనబడకుండా జాగ్రత్త పడండి. ఆ కుటుంబాల మనుమలు మీ ఊళ్లోనే ఉంటారు, మీ దుకాణానికే వస్తారు.

పాత గుమస్తాల గురించి మీరు వ్రాయలేదు. ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఉన్నవారు ఉంటే, నాన్నగారి కొనుగోలు విద్యలో సగం వారికీ తెలిసి ఉంటుంది. పది మంది గాని అంతకు మించి గాని పనిచేసే దుకాణమైతే, అయిదేళ్లు నిండిన వారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వవలసి ఉంటుంది. వాటాల లెక్క వేసేటప్పుడు ఆ మొత్తాన్ని ముందుగా తీసి పక్కన పెట్టండి.

మిగిలింది మీ హక్కు. పెళ్లయిన ఆడపిల్లకు ఎందుకన్న మాటకు చట్టంలో చోటు లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు జన్మతః హక్కునిస్తూ మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని వారికి, సవరణ అమలు చేసింది. 2005లో కేంద్రం పెళ్లయినవారికి కూడా దాన్ని వర్తింపజేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మీ దుకాణం స్థలం ఉమ్మడి ఆస్తి అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. అది తాతగారి స్వార్జితమై, ఆయన 1956 తరువాత వీలునామా వ్రాయకుండా మరణించి ఉంటే, అది నాన్నగారికీ బాబాయిగారికీ మాత్రమే రాదు. మీ నానమ్మగారికి, మీ మేనత్తలకు కూడా సమాన వాటాలు వస్తాయి. అలా నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి అవుతుంది, దాన్ని ఆయన ఇష్టం వచ్చినవారికి వ్రాసుకోవచ్చు. అంటే మేనత్తల సంతకాలు లేకుండా ఆ స్థలాన్ని అమ్మడానికి అన్నయ్య చేస్తున్న ఆలోచన మొదటి అడుగులోనే చిక్కుల్లో పడవచ్చు. దస్తావేజులు తీసుకుని సివిల్ న్యాయవాదిని కలిసే వరకు ఎవరికీ బయానా తీసుకోవద్దని అన్నయ్యకు ఇప్పుడే చెప్పండి.

వాటా ఎంత వస్తుందన్నది ఎలా తేలినా, కుటుంబ ఒప్పందం వ్రాసుకునే రోజున సరుకు కొనుగోలు బాధ్యత మీ పేర వ్రాయమని అడగండి. లెక్కలు చూసే మనిషిని ఎప్పుడైనా మార్చవచ్చు, ఆ పనికి జీతగాడు దొరుకుతాడు. నాన్నగారి వెంట ఏడాది పాటు మంగళగిరి, చీరాల, గద్వాల తిరిగి, వద్దన్న చీరల మీద ఆయన చెప్పిన మాటలు విన్న మనిషిని అలా మార్చలేరు. అన్నయ్య అమ్మకం చూసుకోవచ్చు, ఆయనకు ఆ చొరవ ఉన్నట్లు ఉత్తరాన్ని బట్టే తెలుస్తున్నది. నాన్నగారితో ఈ మాట ముందు ఒంటరిగా మాట్లాడండి, ఆ తరువాత బాబాయిగారిని పిలిచి అందరూ కూర్చోండి. శ్రావణ మాసపు రద్దీలో ఇటువంటి మాటలు ఎత్తితే ఎవరూ వినరు. ఆషాఢంలో దుకాణం ఖాళీగా ఉన్న మధ్యాహ్నం చూసుకోండి. ఆ కాగితం మీద అందరి సంతకాలూ అయిన తరువాతనే కొత్త కొట్టు అద్దె గురించి మాట్లాడండి.